పాలు కలిపిన కషాయం

“మళ్లా నెత్తురే పడ్డది,” అంది కొమురవ్వ.

తోళ్ల కొట్టం నుంచి బయటికి వస్తూ ఆ మాటను ఆమె గట్టిగా అనలేదు. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడడం ఎప్పుడో మానేశారు. కొడుకు సాంసన్ దళం నుంచి నెత్తుటి విరేచనాల జబ్బుతో వచ్చి, ఆరేసిన తోళ్ల చాటున పడుకున్న రోజు నుంచి పొయ్యి ఊదాలన్నా వాళ్లకు భయమే.

వాకిట్లో తుమ్మచెక్క దంచుతున్న అతని భార్య యాకమ్మ రోకలి ఆపింది. 

“నిన్నటికంటె తక్కువనా, అత్తా?”

“తక్కువెక్కడిది. లేవబోయి నా మీదనే పడ్డడు. పెయ్యిల పానం లేదు వానికి.”

“మరి కషాయం పట్టిన గదా. గిన్నెడు తాగిండు.”

“తాగిండు. మొదటి రోజు నేను పట్టినప్పుడు కడుపు ఆగింది. నువ్వు పట్టవట్టినంక మళ్లా మొదలైంది. గదే నాకు సమజైతలేదు.”

 కొమురవ్వ కోడలి ముఖంలోకే చూస్తోంది. అత్తగార్లు కోడళ్లను చూసే చూపులు చాలా రకాలు. ఇది అందులో అన్నిటికంటే చెడ్డది. కోపం కూడా లేని చూపు.

“దళంల బాల్‌సింగ్ చెప్పింది యాదికున్నదా నీకు?” అంది కొమురవ్వ. “ఇయ్యాల పొద్దుగూకంగ వాగొడ్డు రెల్లుగడ్డి కాడికి వస్తడు. నడిచేటోడైతే మానుకోట అడివికి తోలుకపోతడు. నడవలేకపోతే ఇడిసిపెట్టి పోతడు. రేపు తెల్లారెవరకు రజాకార్లు ఊరును సుట్టుముడుతరు. అండ్ల నా కొడుకు దొరికితే ఏమైతదో నీకు నేను చెప్పాల్నా?”

“మంచం మీద మోసుకపోతే కాదా, అత్తా?”

“మంచం మీద మోసుకపోతే నాలుగూర్లకు తెలుస్తది. శవాన్ని మోసినట్టు మోస్తరా పట్టపగలు?”

నోటి నుంచి ఆ మాట జారినందుకు కొమురవ్వ నాలుక కరుచుకుంది. చెంపలు వేసుకుంది. తరువాత ఆ చెడ్డమాట వచ్చింది కోడలి వల్లనే అన్నట్టు మరింత కోపంగా లోపలికి పోయి, సాంసన్ తాగిన గిన్నె పట్టుకొచ్చింది.

గిన్నె అడుగున మిగిలినది చూసి ఆమె ఆగిపోయింది. తుమ్మచెక్క కషాయం ఎర్రగా, పలచగా ఉండాలి. ఇది మసకగా ఉంది. అంచుకు బూడిదరంగు తెట్టె కట్టింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది కొమురవ్వ. చప్పరించింది. మళ్లీ పెట్టుకుంది.

“దీంట్ల ఏం కలిపినవు?”

యాకమ్మ తల దించుకుంది.

“అడిగేది నిన్నే. నేను మసలవెట్టిన కషాయం నాలుకను పట్టి గుంజుతది. ఇది నాలుక మీదికెళ్లి నీళ్లోలె జారిపోతున్నది. ఏం కలిపినవు దీంట్ల?”

“నేనేం చెడుపు చెయ్యలే, అత్తా.”

“చెడుపు చేసినవని నేననలే. నీ నోట్లెకెళ్లే వచ్చింది గా మాట.” కొమురవ్వ గిన్నె ముందుకు చాపింది. “నీ అన్న ఓదెలు గడిల చాకిరి చేస్తడు. దొర ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతడు. మొన్న సంత కాడ నువ్వు వానితోని మాట్లాడినవు. నేను సూడలేదనుకున్నవా?”

“అమ్మ బాగున్నదా అని అడిగిన. గంతే.”

“వాడేమిచ్చిండు నీకు?”

“అత్తా.”

“నా కొడుక్కు పొయ్యమని ఏమిచ్చిండు?”

యాకమ్మకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఈ ముసలామె తిట్టింది, జుట్టు పట్టి గుంజింది, ఒకసారి గంటెతో కొట్టింది కూడా. కానీ మగనికి మందు పెట్టి చంపే మనిషిగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ గిన్నె అత్త చేతిలో ఉన్నంతసేపు తాను ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుందని ఆమెకు తెలిసిపోయింది. అందుకే నోరు మూసుకుంది. నిజం చెప్పి తిట్లు తినాల్సిన చోట నోరు మూసుకుని నింద మోయడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన గుణం. మంచి గుణమేమీ కాదు.

ఆ మౌనాన్ని కొమురవ్వ ఒప్పుకోలు అనుకుంది. గిన్నె పట్టుకుని ఇంటి వెనక లందల దగ్గరికి నడిచింది.

లందలంటే తోళ్లు నానబెట్టే గోలేలు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క వేసిన ఎర్రనీళ్లలో తోళ్లు మునిగి ఉంటాయి. ఆ వాసనకు ఊరివాళ్లు ఈ వాడ వైపు రారు. అందుకే సాంసన్ ఇంతకాలం దాగగలిగాడు. దొర గడి నుంచి వచ్చిన పురమాయింపు మీద కొమురవ్వ భర్త, ముసలి బుచ్చయ్య అక్కడ మోకాలి లోతు పనిలో ఉన్నాడు. రజాకార్ల తూటాల పట్టీలకు తోలు చెయ్యమని దొర హుకుం. కొడుకు ఆ తూటాలకే భయపడి తోళ్ల వెనక పడుకున్నాడు. తండ్రి ఆ పట్టీలకే తోలు పదును చేస్తున్నాడు. కూలి లేని వెట్టి అది. చెయ్యనంటే అనుమానం వస్తుంది.

“జర ఇది నాలుక మీద వెట్టుకో,” అంది కొమురవ్వ.

“ఏంది గది?”

“వెట్టుకో ముందు. ఇసం ఉంటే నేను గూడ ఉన్నది. ఇద్దరం కలిసే పోతం.”

బుచ్చయ్య చెయ్యి తుడుచుకుని, వేలితో తీసుకుని నాకాడు. ఆయన జీవితమంతా వగరు రుచి చూసి చెక్క నీళ్లు బలమెక్కాయో లేదో చెప్పే మనిషి. గోలెంలో చెక్క ఎప్పుడు మార్చాలో కంటితో కాదు, నాలుకతో తేలుస్తాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

“పాలు,” అన్నాడు.

“ఏంది?”

“దీంట్ల పాలు కలిసినయి. ఇసం లేదు, గిసం లేదు. పిల్లను పిలువు.”

యాకమ్మ అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. మామ గొంతులో కోపం లేకపోవడం చూసి అప్పుడు ఏడ్చింది.

“నేనే పోసిన, మామా. ఒట్టి కషాయం నోట్ల పోస్తే కక్కుకుంటున్నడు. నాలుకంత ముడుచుకపోతున్నది, గొంతు దిగుతలేదు అంటున్నడు. తిండి లేదు, మందన్న కడుపుల నిలవాలె గదా అని పాలు కలిపిన. అప్పుడు గటగట తాగిండు. ఇది మంచిగున్నది యాకా అన్నడు. నవ్విండు గూడ. నేను సంబురపడ్డ.”

“సంబురపడ్డవా,” అంది కొమురవ్వ. 

“అత్తకు చెప్తే వద్దంటదని చెప్పలే.”

“లందల కాడికి పాలు తేవద్దని నీకు ఎవలూ చెప్పలేదా?” అడిగాడు బుచ్చయ్య.

చెప్పారు. పెళ్లయి వచ్చిన కొత్తలోనే చెప్పారు. కొత్త లంద కట్టినప్పుడు మైసమ్మకు పాలు పోస్తారు. కానీ గోలేనికి దూరంగా, రాయి దగ్గర పోస్తారు. ఒక్క చుక్క కూడా గోలెంలో పడకూడదు. యాకమ్మ ఆ నియమాన్ని ఇన్నాళ్లూ తప్పకుండా పాటించింది.

“గది మైసమ్మ ముచ్చట అనుకున్న, మామా. మందుకు గూడ అని నాకేం తెలుసు?”

“నేను గూడ మైసమ్మ ముచ్చటనే అనుకున్న, చిన్నప్పుడు. మా నాయినను ఎందుకని అడిగితే దవడ పలగ్గొట్టిండు. పెద్దగయినంక దొంగతనంగ పోసి చూసిన.” బుచ్చయ్య పక్కనున్న ముంతలోకి చెక్కనీళ్లు తీశాడు. “పాలు మిగిలినయా?”

యాకమ్మ పరుగున పోయి ఉట్టి మీది చిన్న ముంత తెచ్చింది. బుచ్చయ్య ఆ కాసిని పాలూ చెక్కనీళ్లలో వంచాడు. ఎర్రనీళ్లు మసకబారాయి. కాసేపటికి పాలు పేలికలుగా విరిగి అడుగుకు దిగాయి. పైన తేరుకున్న నీటిని కొమురవ్వ అరచేతిలో పోశాడు. ఆమె చప్పరించి ఆయన వైపు చూసింది.

“వగరెటు పోయింది?” అంది.

“పాలను వట్టుకొని అడుగుకు పోయింది. తోలును లందల ఏస్తే ఏమైతది? చెక్కల ఉన్న వగరు తోలును వట్టుకుంటది. తోలు బిగుసుకుంటది, కుళ్లదు. కడుపుల పేగు గూడ తోలసొంటిదే. పుండు వడ్డ పేగును వగరు పోయి పట్టాలె, బిగియ్యాలె. అప్పుడే నెత్తురు ఆగుతది. ఈ పిల్ల పాలు పోసింది. వగరు గిన్నెలనే పాలను వట్టుకున్నది. కడుపులకు పోయెటాల్లకు దానికి చేతులు ఖాళీ లెవ్వు. నోటికి కమ్మగున్నదంటే పని చేసేది పోయినట్టే.”

యాకమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. భర్త నవ్విన నవ్వు ఆమెకు గుర్తొచ్చింది. ఆ నవ్వు కోసం మళ్లీ మళ్లీ పాలు కలిపింది. కలిపిన ప్రతిసారీ ఆయన ఇంకాస్త నెత్తురు పోగొట్టుకున్నాడు.

“ఇప్పుడేడిస్తే ఏమొస్తది,” అంది కొమురవ్వ. విషం కాదని తెలిసినందుకు ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. భయం ఒక చోటు నుంచి లేచి ఇంకో చోట కూర్చుంది, అంతే. “పొద్దు ఎక్కింది. లే. పొయ్యి ముట్టియ్యి. చిక్కగ మసలవెట్టు. పాలు లేవు, బెల్లం లేదు. వాడు కక్కినా పొయ్యాలె.”

అలాగే చేశారు. అత్త తల పట్టుకుంది, కోడలు గిన్నె పట్టుకుంది. మొదటి గుక్కకు సాంసన్ ముఖం వంకర పోయింది. పెదాలు పళ్లకు అంటుకుపోయాయి.

“నిన్నటిది ఇయ్యి, యాకా,” అన్నాడు.

“నిన్నటిది మందు కాదు.”

“మరేంది?”

“నా తెలివి. నోరు తెరువు.”

“గొంతు దిగుతలేదే.”

“దిగాలె. దిగకపోతే నేను బతుకుడు కష్టం. నోరు తెరువు, నీ కాల్మొక్త.”

అతను తాగాడు. సగం కక్కాడు. మళ్లీ పోసింది. మళ్లీ తాగాడు. చర్చి పాదిరయ్య పెట్టిన సాంసన్ అనే పేరుకు తగ్గట్టు ఒకప్పుడు నిండిన మోట బొక్కెనను ఒంటిచేత్తో ఎత్తిన మనిషి, ఇప్పుడు గుక్కెడు కషాయం మింగి అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. యాకమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

ఆ పూటంతా ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.  తోళ్ల మీద ఈగలు ముసిరే చప్పుడు, సాంసన్ కదిలిన చప్పుడు, అంతే. అతను కదిలినప్పుడల్లా ముగ్గురూ కొట్టం వైపు చూసేవారు. మళ్లీ కడుపు జాడించిందా అని. ఒకసారి జాడించింది. తరువాత చాలాసేపు లేదు. పొద్దు నడినెత్తి దాటాక కొమురవ్వ లోపలికి పోయి చూసి వచ్చి, పొయ్యి దగ్గర కూలబడింది.

“నెత్తురు లేదు,” అంది.

యాకమ్మ లేచి నిలబడింది.

“అడ్డం పడకు. నిద్రపోతున్నడు. లేచినంక జర గంజి పట్టు.” కాసేపాగి, కోడలి వైపు చూడకుండానే అడిగింది కొమురవ్వ. “నీకు పాలెక్కడివి?”

ఈ ప్రశ్న పొద్దున్నే రావాల్సింది. విషం గొడవలో ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో బర్రె లేదు, ఆవు లేదు. పాలు కొనడం ఆ వాడలోనే లేదు.

“గొల్ల రాములమ్మ కాడ,” అంది యాకమ్మ. “పాత చీర ఇచ్చి తెచ్చిన.”

“రాములమ్మనా? గడికి పాలు పోసే రాములమ్మనా?”

“ఇంకెవల కాడున్నయి పాలు, అత్తా?”

“ఎవలకని చెప్పినవు?”

“మామకు జరమని చెప్పిన.”

కొమురవ్వ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. “ఓరి దేవుడా. రోజూ లందల నిలబడి పని చేసే మనిషికి జరమా? మాదిగింట్ల పాలు తాగేటంత జరం ఎవలకొచ్చింది అని అడగదా అది? నువ్వు మందును చెడగొట్టుడు ఒక్కటే కాదు, పిల్లా. ఇంట్ల రోగమొచ్చినోడు ఉన్నడని ఊరికి టముకు ఏసినవు.”

“రాములమ్మ గట్లాంటిది కాదు.”

“ఎవలు గట్లాంటోల్లు కారు. కొరడా దెబ్బ పడ్డదాంక.”

 భయం వేసినప్పుడు మనుషులు దగ్గరవుతారంటారు. ఈ ఇంట్లో అది నిజం కాలేదు. అత్త ఒక గోడకు, కోడలు ఒక గోడకు ఆనుకుని కూర్చున్నారు. సాంసన్ లేచి గంజి తాగాడు. ఆ గంజి నిలిచింది. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కాళ్లు వణికాయి కానీ మోశాయి.

అప్పుడే వాడ చివర నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది.

“కొమురీ. ఓ కొమురీ.”

రాములమ్మ. వాడలోకి అడుగు పెట్టకుండా దూరంగా, చింతకంప దడి అవతల నిలబడి ఉంది. నెత్తి మీద ఖాళీ పాలకుండ. లందల దగ్గర ఉన్న బుచ్చయ్య ఆ గొంతు విని చటుక్కున గోలెం వెనక్కి వంగాడు. వంగేలోపే ఆమె చూసింది. చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

కొమురవ్వ పరుగులాంటి నడకతో దడి దగ్గరికి పోయింది.

“బుచ్చయ్యకు జరమున్నదనే నేననుకున్న,” అంది రాములమ్మ మెల్లగా. “నేనేం అడగ. నువ్వేం చెప్పకు. గడిల పాలు తక్కువ పడ్డయని దొరసాని నన్ను నిలదీసింది. ఎవలకు పోసినవే అన్నది. బుచ్చయ్య కోడలుకు, మామకు జరమట అని చెప్పిన. నాకు తప్పనిపియ్యలే. దొర ఇన్నడు. మాదిగింట్ల పాలు తాగే జరమెవలిదో చూసి రాపో అని ఓదెలును పిలిచిండు.”

“ఓదెలునా?”

“ఓదెలు, ఎంబడి ఒక తుపాకీ రజాకారు. కల్లు దుకాణం కాడ ఆగిండ్రు. నేను అడ్డతొవ్వల వచ్చిన. నేను వచ్చినట్టు చెప్పకు, కొమురీ. నాకు గూడ పిల్లలున్నరు.”

ఆమె వెళ్లిపోయింది. కొమురవ్వ ఇంటివైపు తిరిగింది. దడి పట్టుకుని, గుంజ పట్టుకుని, గోడ పట్టుకుని వచ్చింది.

సంగతి విని బుచ్చయ్య మారు మాట్లాడకుండా చేతులు కడుక్కుని, గొంగడి తెచ్చి చాప పరిచాడు.

“జరం నాకన్నరు గద. నేను పండుకుంట. వాన్ని తోళ్ల చాటున్నే ఉండనియ్యి. ఆ కంపుకు ఎవడూ లోపలికి రాడు.”

“ఉండద్దు,” అంది యాకమ్మ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. తోళ్ల మధ్య నిలబడ్డ సాంసన్ కూడా.

“మా అన్నకు ఈ ఇంట్ల ఏ మూల ఏమున్నదో తెలుసు, మామా. పెండ్లికి వచ్చినప్పుడు గా కొట్టంలనే పండుకున్నడు. కంపుకు భయపడెటోడు రజాకారు. మా అన్న భయపడడు. తోళ్లెత్తి చూస్తడు.”

“పొద్దుగాల నీ అన్నను నేను అన్నందుకు గింజుకున్నవు,” అంది కొమురవ్వ.

“గింజుకున్న. ఇప్పుడు నేనే అంటున్న. దొర పంపిండు వాన్ని. చూసి రాపో అన్నడు. చూడకుంట ఎట్ల పోతడు?” ఆమె భర్త వైపు తిరిగింది. “నడుస్తవా?”

సాంసన్ గోడ వదిలి నిలబడి చూశాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు.

“నడుస్త.”

“కడుపు?”

“గట్టిగనే ఉన్నది. ముడేసినట్టున్నది.”

“జొన్నచేన్లకెళ్లి వాగొడ్డుకు పో. రెల్లుగడ్డిల పండుకో. పొద్దుగూకంగ బాల్‌సింగ్ ఆడికే వస్తడు గద.”

“వద్దు, బిడ్డా. పట్టపగలు,” అన్నాడు బుచ్చయ్య.

“ఇక్కడుంటే దొరుకుతడు, మామా. దొరికితే నా వల్ల దొరికినట్టు. పాలు తెచ్చింది నేను. నా వల్ల దొరికిండంటే నేను ఎట్ల బతకాలె?”

 భయంలో ఉన్నవాళ్లకు, ఒకరు గట్టిగా మాట్లాడితే అదే దారిలా కనిపిస్తుంది. కొమురవ్వ కొడుకు చేతికి కర్ర ఇచ్చింది. నెత్తి మీద గోనెసంచి కప్పింది. సాంసన్ తండ్రి కాళ్లు ముట్టుకున్నాడు. యాకమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

“తాగినప్పుడు నిన్ను తిట్టుకున్న,” అన్నాడు. “ఇప్పుడు తిట్టుకుంటలేను.”

“పో. మాట్లాడకు.”

జొన్నచేను అతని ఎత్తే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే కనిపించకుండా పోయాడు. కాసేపు ఆకులు కదిలిన చప్పుడు వినిపించింది. తరువాత అదీ లేదు.

వాళ్లు వచ్చేసరికి మబ్బు కమ్మింది. ముందు ఓదెలు, వెనక తుపాకీ భుజాన వేసుకున్న రజాకారు. వాడలోకి రాగానే రజాకారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఎవనికిరా జరం?”

“మా మామకు, సాబ్,” అంది యాకమ్మ.

గొంగడి కింద బుచ్చయ్య మూలిగాడు. కొమురవ్వ పక్కన కూర్చుని విసురుతోంది.  

“నిన్న లంద కాడ నిలబడ్డడు గద వీడు? నేనే చూసిన. పాలెవడు తాగిండు? నిజం చెప్పాలె.” రజాకారు వాకిట్లోనే నిలబడి ఓదెలు వైపు గడ్డం ఎగరేశాడు. “ముట్టుకొని చూడు.”

ఓదెలు గడప దాటి వచ్చాడు. చెల్లెలి వైపు చూడలేదు. తోళ్ల కొట్టం వైపు ఒకసారి చూశాడు. వంగి బుచ్చయ్య నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ నుదురు చల్లగా, చెమటతో తడిగా ఉంది. జ్వరం ఛాయ కూడా లేదు. ఆ సంగతి ఓదెలు చేతికి తెలుసు, బుచ్చయ్యకు తెలుసు, చూస్తున్న యాకమ్మకు తెలుసు. 

ఓదెలు చెయ్యి తియ్యలేదు. ఆలోచిస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచాడు.

“పెయ్యి కాలిపోతున్నది, సాబ్,” అన్నాడు. “కడుపు గూడ జాడిస్తున్నట్టున్నది. కంపు కొడుతున్నది. అంటుకునే రోగమైతే మనకెందుకు, దూరం ఉండుండ్రి.”

రజాకారు నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. “కొట్టంల ఏమున్నది?”

“తోళ్లు. నేను చూస్త.”

ఓదెలు కొట్టంలోకి పోయాడు. ఒక తోలు ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి, “ఏం లేదు, సాబ్,” అన్నాడు. అని, “చెల్లె, జర నీళ్లియ్యి,” అంటూ కుండ దగ్గరికి వచ్చాడు.

యాకమ్మ ముంతతో నీళ్లు వంచుతుంటే అతను తల వంచి దోసిలి పట్టాడు. ఆ వంగిన తల కింది నుంచే మాట్లాడాడు.

“బావ ఏ మూల పండుకున్నడో నేను చూడలే. చూడ గూడ. మంచిగ దాచిండ్రు. ఇయ్యాల, రేపు బయట అడుగు వెట్టనియ్యకు. ఊర్లకు రేపొస్తరు గాని, వాగు పొంటి ఇయ్యాల్నే కూసున్నరు. రెల్లుగడ్డి నిండ రజాకార్లే. ఈ కంపుల వెతకరు వీళ్లు. ఇక్కన్నే ఉండనియ్యి.”

ముంతలో నీళ్లు అయిపోయాయి. యాకమ్మ ఖాళీ ముంతను అలాగే వంచి పట్టుకుని నిలబడింది.

ఓదెలు తలెత్తి చూశాడు. చెల్లెలి ముఖం చూసి అతని ముఖం మారిపోయింది.

“ఏంది, చెల్లె?”

ఆమె కొట్టం వైపు చూసింది. 

“పోయిండా?”

యాకమ్మ కళ్లు జొన్నచేను వైపు తిరిగాయి. ఓదెలు చెయ్యి తుడుచుకుని వాకిట్లోకి నడిచాడు. నడక మామూలుగా ఉండేలా చాలా కష్టపడుతున్నాడని ఆమెకు ఒక్కదానికే తెలుసు.

“పోదాం, సాబ్. ఈడ పనేం లేదు.”

అప్పుడే వాన మొదలైంది. ఒక్కసారిగా, జోరుగా పడింది. రజాకారు పైకి చూసి, చూరు కిందికి వచ్చి, తుపాకీ మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. జొన్నచేనుకు పోయే బాట సరిగ్గా అతని ఎదురుగా ఉంది.

“వాన ఆగినంక పోదాం. కూసో,” అన్నాడు.

“దొర ఎదురు చూస్తడు, సాబ్.”

“చూడనియ్యి. నువ్వు కూసో.”

ఓదెలు కూర్చున్నాడు. యాకమ్మ బిందె చంకన పెట్టుకుని గడప దాటింది.

“ఎక్కడికి?”

“నీళ్లకు, సాబ్.”

“వాన కురుస్తుంటే నీళ్లేంది. లోపలికి నడు.”

ఆమె అన్న వైపు చూసింది. ఓదెలు నేల వైపు చూస్తున్నాడు. బిందె దించి లోపలికి వచ్చి అత్త పక్కన కూర్చుంది. గొంగడి కింద బుచ్చయ్య కదలకుండా పడుకున్నాడు. కుండ దగ్గర జరిగిన మాటలు చాప దాకా రాలేదు.

కొమురవ్వ విసురుతున్న చెయ్యి ఆపి, ఆ రోజంతటిలో మొదటిసారి కోడలి చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి వంగింది.

“నీ అన్నను ఊకనే అనుమానించిన, బిడ్డా. నిన్ను గూడ. మనసుల వెట్టుకోకు. నువ్వన్నదే మంచిగైంది. నా కొడుకు ఈపాటికి రెల్లుగడ్డిల చల్లగ పండుకొని ఉంటడు, కాదా?”

యాకమ్మ తల ఊపింది.